తగ్గినవాళ్ళ కథలు, నిలబడ్డవాళ్ళ కథలు

నా కంప్యూటర్లో మూడు పాత ఎక్సెల్ ఫైళ్ళున్నాయి. ఒకదాని పేరు 'బరువు', రెండోది 'బరువు ఫైనల్', మూడోది 'బరువు ఫైనల్ కొత్తది'. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ పేర్లు చూస్తేనే కథ అర్థమైపోతుంది. మొదటిది 2011 జనవరిలో 88 కిలోల దగ్గర మొదలై జూన్‌లో 78 దగ్గర ఆగిపోయింది. రెండోది 2014లో 91 దగ్గర మొదలైంది. మూడోది 2018లో 94 దగ్గర. మూడింటికీ మొదలుంది, ఒక్కదానికీ ముగింపు లేదు. ఏదో ఒక సోమవారం అంకె వెయ్యలేదు, అంతే.

మొదటి ఫైలు చివరి వరసలో 78, రెండో ఫైలు మొదటి వరసలో 91. మధ్యలో మూడేళ్ళు. ఆ మూడేళ్ళకి ఒక్క అంకె కూడా లేదు. అసలు కథంతా జరిగింది అక్కడే. తగ్గేటప్పుడు గ్రాములతో సహా రాసుకున్న మనిషి, పెరిగేటప్పుడు పెన్ను ముట్టలేదన్నమాట.

2021లో ఆఫీసువాళ్ళు చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. డాక్టరుగారు కాగితం మీంచి తలెత్తకుండానే "మీ నాన్నగారికి షుగరు ఏ వయసులో వచ్చింది?" అనడిగారు. 46 అన్నాను. అప్పుడు నాకు 43. ఆయన ఇంకేమీ అన్లేదు, అనక్కర్లేదు కూడా. అప్పటికి రెండేళ్ళ క్రితమే మా నాన్నకి ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. చెప్పులేసుకునేటప్పుడు ఆయన అటు తిరిగి వేసుకుంటారు, మేం చూడకుండా.

కోడు పనిచెయ్యకపోతే మనకంటే ముందు ఈ ఎర్రర్‌తో ఎవరు ఏడ్చారో వెతకడం మా వృత్తిలో అలవాటు. బరువు విషయంలోనూ అదే చేశాను. మోటివేషన్ పుస్తకాలు పక్కనపడేసి, నాకంటే ముందు ఈ పని చేసినవాళ్ళ చరిత్ర చదివాను. చదివాక తెలిసిందేంటంటే, చరిత్రలో కూడా తగ్గినవాళ్ళ కథలకే ప్రచారం. తగ్గి నిలబడ్డవాళ్ళ కథలు అడుగున ఎక్కడో ఉంటాయి. ప్రాజెక్టు గో-లైవ్ అయిన రోజు కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు. మర్నాటినుంచి దాన్ని నడిపే సపోర్టు టీముకి కేకూ ఉండదు, ఫోటో ఉండదు. ఇదీ అంతే.

సరే, మొదటినుంచీ వద్దాం.

16వ శతాబ్దంలో వెనిస్ రాజ్యంలో లూయిజీ కొర్నారో అనే పెద్దమనిషి ఉండేవాడు. ధనవంతుడు, భోజనప్రియుడు. నలభై దగ్గరపడేసరికి ఒళ్ళు గుల్లైపోయి, డాక్టర్లు "తిండి తగ్గించకపోతే కష్టం" అని తేల్చేశారు. ఆయన రోజుకి 12 ఔన్సుల ఆహారం, 14 ఔన్సుల ద్రాక్షసారా అని లెక్క పెట్టుకుని దానికే కట్టుబడ్డాడు. తన అనుభవాన్ని 1558లో పుస్తకంగా వేశాడు. అందులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. ఆయనకి 78 ఏళ్ళున్నప్పుడు బంధువులూ స్నేహితులూ చేరి, ఈ వయసులో ఇంత తక్కువ తింటే ఎలా, ఇంకాస్త తినమని పోరారు. ఉండబట్టలేక చెరో రెండు ఔన్సులు పెంచాడు. రెండు వారాలు తిరక్కుండా జబ్బుపడ్డాడు, మళ్ళీ పాత లెక్కకే వచ్చి కోలుకున్నాడు. "ఇంకో ముద్ద, నా మాట మీద" అనే అత్తయ్యలు మన గోదావరి జిల్లాలకే పరిమితం అనుకున్నాను, ఇటలీలో కూడా ఉండేవారన్నమాట :-)

ఆ చుట్టుపక్కలే పాదువాలో శాంటోరియో అనే వైద్యుడు తక్కెడకి కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని భోంచేసేవాడు. తిన్నదీ, తాగిందీ, విసర్జించిందీ, తన ఒంటి బరువూ అన్నీ తూచుకున్నాడు. ఒక రోజో రెండ్రోజులో కాదు, ముప్ఫై ఏళ్ళు. 1614లో ఆ లెక్కలు అచ్చేశాడు. ఆయన ధ్యేయం సన్నబడ్డం కాదు, లోపలికెళ్ళింది ఎటుపోతోందో తెలుసుకోవడం. అయినా నా దృష్టిలో మా ఎక్సెల్ ఫైళ్ళ మూలపురుషుడు ఆయనే. తేడా ఏంటంటే, ఆయన అంకె నచ్చని రోజు కూడా రాశాడు.

ఇక అసలు 'డైట్' అనే మాటకి జనంలో పిచ్చి పట్టించినవాడు విలియం బాంటింగ్. లండన్ వాసి. వాళ్ళ కుటుంబం రాజవంశీకుల అంత్యక్రియలు జరిపించే కాంట్రాక్టర్లు. ఐదడుగుల ఐదంగుళాల మనిషి, 1862 ఆగస్టులో 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. బూట్ల లేసులు కట్టుకోలేడు, మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాలి. అంతకుముందు ప్రయత్నించనిది లేదు. పడవ తెడ్డు వేస్తే కండబలం వచ్చింది, దాంతోపాటు ఆకలీ వచ్చింది, బరువు ఇంకా పెరిగింది. చివరికి చెవులు సరిగ్గా వినపడట్లేదని వెళ్తే, విలియం హార్వీ అనే చెవి డాక్టరు (రక్తప్రసరణ కనిపెట్టిన హార్వీ కాదు లెండి, ఆయన అంతకు రెండొందల ఏళ్ళ ముందువాడు) రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానెయ్యమన్నాడు. ఏడాది తిరిగేసరికి 46 పౌన్లు తగ్గాడు.

బాంటింగ్ చేసిన తెలివైన పని తగ్గడం కాదని నా అభిప్రాయం. 1863లో తన సంగతంతా అంకెలతో సహా చిన్న పుస్తకంగా సొంత ఖర్చుతో అచ్చేయించి, మొదట ఊరికే పంచిపెట్టాడు. అది ఎంత పాకిందంటే ఆయన పేరే క్రియాపదం అయిపోయింది. స్వీడిష్ భాషలో ఇప్పటికీ డైటింగ్ చెయ్యడాన్ని 'బాంటా' అంటారు. ఆలోచించండి, దేశమంతా మీ పేరుతో సన్నబడుతోంటే మీరు మళ్ళీ లావెక్కగలరా? ఆరేళ్ళ తర్వాత 1869లో నాలుగో ముద్రణ వేస్తూ కూడా ఆయన తన సంగతులు చెప్తూనే ఉన్నాడు. 81 ఏళ్ళు బతికి 1878లో పోయాడు.

పన్లో పని ఒక మాట. 2017-18లో వీరమాచనేని రామకృష్ణగారి డైటు మన రెండు రాష్ట్రాల్లో ఊపేసినప్పుడు, అన్నం మానేసి కొవ్వు తినడం ఏదో కొత్త కనిపెట్టుడు అన్నట్టు మా ఆఫీసులో వాదించుకున్నాం. ఆ కొబ్బరినూనె సంగతేమో గానీ, పిండిపదార్థాలు మానెయ్యడం మాత్రం నూటయాభై ఏళ్ళ నాటి ముచ్చట. అంతకుముందు పదేళ్ళు మంతెన సత్యనారాయణరాజుగారి ఉప్పులేని కూరలు. మా ఇంట్లో రెండూ జరిగాయి. రెంటితోనూ మనుషులు తగ్గారు. నాలుగేళ్ళ తర్వాత ఎందరు ఆ బరువులోనే ఉన్నారని మా వీధిలో అడగండి, ఎవరూ కళ్ళలోకి చూసి సమాధానం చెప్పరు. ఏ డైటు మంచిదన్న దానిమీద జరిగిన చర్చలో పదో వంతు, 'తర్వాతేంటి' అన్నదానిమీద జరగలేదు.

ఆ 'తర్వాత' గురించి సూటిగా మాట్లాడిన తొలి రచయితల్లో లులూ హంట్ పీటర్స్ ఒకరు. అమెరికా డాక్టరు, స్వయంగా ఒకప్పుడు 220 పౌన్ల మనిషి. 1918లో ఆవిడ రాసిన పుస్తకంతోనే 'కేలరీ' అన్న మాట లేబరేటరీలోంచి వంటింట్లోకొచ్చింది. రొట్టె ముక్క అనకండి, వంద కేలరీల రొట్టె అనండి అని నేర్పింది ఆవిడే. లెక్క పెట్టడం తగ్గేదాకా కాదు, జీవితాంతం అని కూడా ఆవిడ దాచకుండా చెప్పింది. జనం ఆ పుస్తకాన్ని ఎగబడి కొన్నారు. కేలరీ పట్టిక గుర్తుపెట్టుకున్నారు, జీవితాంతం అన్న మాట మర్చిపోయారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మనం మళ్ళీ పెరగడానికి కారణం మనకి మనోబలం లేకపోవడమేనా? నేను చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. మా ఆవిడ కూడా అదే అనుకుంది, కాకపోతే పైకి చెప్పేది :-)

ఈ ప్రశ్నకి జవాబు 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దొరికింది. ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త (1972లో బాడీ మాస్ ఇండెక్స్‌కి ఆ పేరు పెట్టింది కూడా ఈయన బృందమే) 36 మంది యువకుల్ని తీసుకున్నాడు. యుద్ధంలో తుపాకి పట్టమని నైతిక కారణాలతో నిరాకరించినవాళ్ళు వాళ్ళు. ఐరోపాలో ఆకలితో మాడుతున్నవాళ్ళని ఎలా కోలుకునేలా చెయ్యాలో తెలుసుకోవడానికి తమ ఒళ్ళే అప్పగించారు. ఇంతకంటే మోటివేషన్ ఉన్న మనుషులు ప్రపంచంలో ఎక్కడన్నా దొరుకుతారా? ఆరు నెలలపాటు వాళ్ళకి రోజుకి సుమారు 1570 కేలరీలు, వారానికి 22 మైళ్ళ నడక. బరువులో నాలుగోవంతు పోయింది.

పోయింది బరువొక్కటే కాదు. తిండి తప్ప వేరే ఆలోచన లేకుండా పోయింది. కంచాలు నాకారు. వంటల పుస్తకాలు నవలల్లా చదివారు. కొందరు చాటుగా తినబోతే, బయటికి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు, పక్కన తోడుండాలి అని రూలు పెట్టాల్సొచ్చింది. ప్రయోగం అయ్యాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు, చాలామంది ముందున్న బరువుని దాటేశారు. వాళ్ళు అసలే సన్నటివాళ్ళు కాబట్టి నాలాంటి 93 కిలోల మనిషితో నేరుగా పోల్చకూడదు. కానీ ఒక్క సంగతి మాత్రం స్పష్టం. ఆకలేసిన శరీరం ఆశయాలతో బేరమాడదు. అంతటి దీక్షాపరులకే పక్కన తోడు కావాల్సొస్తే, బిరియానీ వాసనకి లేచొచ్చే నేనెంత?

2016లో ఇంకో పరిశోధన వచ్చింది. 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికా టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించారు. 13 మంది తిరిగి పెరిగారు. సగటున 41 కిలోలు వెనక్కొచ్చేశాయి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు వాళ్ళ ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఉండాల్సినదానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ. అంటే తగ్గిన మనిషి మామూలు మనిషిలా తింటే చాలు, పెరుగుతాడు. కోట్లమంది చూస్తుండగా చప్పట్ల మధ్య తగ్గినవాళ్ళు, కెమెరాలు వెళ్ళిపోయాక ఒంటరిగా నిలబడాల్సొచ్చింది.

ఇక నా దృష్టిలో ఈ చరిత్రకి అసలు నాయిక జీన్ నైడిచ్. న్యూయార్క్ నగరంలో క్వీన్స్ ప్రాంతపు గృహిణి. 1961లో సూపర్‌మార్కెట్లో తెలిసినావిడ ఒకరు ఎదురై, బాగున్నావని మెచ్చుకుని, పురుడు ఎప్పుడని అడిగింది. జీన్ గర్భిణి కాదు. 214 పౌన్లు, అంతే. ఆవిడ నగర ఆరోగ్యశాఖ నడిపే ఊబకాయం క్లినిక్‌లో చేరింది. వాళ్ళిచ్చిన డైటు ఉచితం, మంచిది కూడా. పది వారాల్లో 20 పౌన్లు తగ్గింది. కానీ ఇంట్లో దాచుకుని బిస్కెట్లు తినేది, ఆ సంగతి క్లినిక్‌లో చెప్పేది కాదు. చెప్పుకోడానికి మనిషి లేకపోతే ఈ పని సాగదని ఆవిడకి అర్థమైంది. ఆరుగురు లావుపాటి స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి, దొంగతనంగా తింటున్నానని ఒప్పుకుంది. చూస్తే అందరిదీ అదే కథ! వారంవారం కలవడం మొదలైంది, ఆరుగురు కాస్తా రెండు నెలల్లో నలభై మంది అయ్యారు. 1962 అక్టోబరుకి ఆవిడ 142 పౌన్లకి వచ్చింది. 1963లో అదే వెయిట్ వాచర్స్ కంపెనీ అయింది, 1978లో హైంజ్ వాళ్ళు కొనుక్కున్నారు.

గమనించారా, ఆవిడ కొత్త డైటేమీ కనిపెట్టలేదు. అది గవర్నమెంటు వాళ్ళు ఊరికే ఇచ్చిందే. ఆవిడ కనిపెట్టింది వారానికోసారి నలుగురి ముందు కూర్చుని నిజం చెప్పడం. ఆ కంపెనీలో నాకు నచ్చిన ఏర్పాటు ఇంకోటుంది. లక్ష్యం చేరి నిలబెట్టుకున్నవాళ్ళని జీవితకాల సభ్యులు అంటారు. నెలకోసారి వచ్చి తూగి, లక్ష్యానికి రెండు పౌన్లు మించకుండా ఉంటే ఫీజు లేదు. సపోర్టు టీముకి కూడా కేకు పెట్టినవాళ్ళని ఇన్నాళ్ళకి ఇక్కడ చూశాను. (తినకూడని కేకే అనుకోండి.) నైడిచ్ 2015లో 91వ ఏట పోయింది. కంపెనీ మాత్రం ఇంజెక్షన్ల దెబ్బకి 2025 మేలో దివాలా పిటిషన్ వేసి, అప్పులు దించుకుని బయటపడింది.

ఇంజెక్షన్లంటే గుర్తొచ్చింది. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలోకీ వచ్చాయి. మా టీములో ఇద్దరు వాడుతున్నారు, బాగానే తగ్గారు. నేను వాటికి వ్యతిరేకం కాదు. ఆకలి అనేది మనోబలం సమస్య కాదు, రసాయనాల సమస్య అని ఆ మందులే రుజువు చేశాయి. కానీ వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. దారి మారినా ప్రశ్న అదే. తర్వాతేంటి?

నిలబడ్డవాళ్ళ సంగతి పట్టించుకున్నవాళ్ళు లేకపోలేదు. 1994లో అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రిజిస్టరు తెరిచారు. కనీసం 30 పౌన్లు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ళకే ప్రవేశం. పదివేల మందికి పైగా చేరారు. వాళ్ళు తగ్గిన దారులు రకరకాలు. నిలబెట్టుకున్న తీరు మాత్రం ఇంచుమించు ఒకటే. నలుగురిలో ముగ్గురు వారానికి ఒక్కసారైనా తూగుతారు. పదిమందిలో తొమ్మిదిమంది రోజుకి సుమారు గంటసేపు ఒళ్ళు కదిలిస్తారు. ఎక్కువమంది పొద్దున టిఫిన్ మానరు. వీళ్ళు తమంతట తాము వచ్చి చేరినవాళ్ళు కాబట్టి అందరికీ ఇదే వర్తిస్తుందని చెప్పలేం. కానీ అందులో ఒక విషయం నాకు ధైర్యం ఇచ్చింది. రెండేళ్ళు దాటి నిలబడ్డవాళ్ళకి ఆ తర్వాత నిలబడే అవకాశం బాగా పెరుగుతుందట.

మరి మన సంగతి? 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్సూ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనది సన్నగా కనిపించే లావు. అందుకే 2009లో మన డాక్టర్లు కూర్చుని అధికబరువు 25 నుంచి కాదు, 23 నుంచే లెక్కపెట్టాలని తేల్చారు.

కానీ ఊళ్ళో ఎవరితో చెప్తాం? మన భాషలో 'ఒళ్ళు చేశావు' అంటే మెచ్చుకోలు, 'చిక్కిపోయావు' అంటే పరామర్శ. 2011లో నేను పది కిలోలు తగ్గి పెళ్ళికెళ్తే "ఏరా, ఒంట్లో బాగుండట్లేదా, షుగరేమన్నా వచ్చిందా?" అని ఏడుగురు అడిగారు. రాకూడదనే కదా ఈ తంటా! బాంటింగ్‌కి లండన్ చప్పట్లు కొట్టింది, నాకు మా పిన్ని ఇంకో గరిటె నెయ్యి వేసింది.

నా నాలుగో ఫైలు 2021లో 93 దగ్గర మొదలైంది. దాని పేరులో 'ఫైనల్' లేదు, లక్ష్యం అనే కాలమ్ లేదు. 14 నెలలు పట్టింది 79కి రావడానికి. అప్పట్నుంచి 78కీ 81కీ మధ్య తిరుగుతోంది. నా ఎత్తుకి 23 లెక్కన 68 ఉండాలి, అంటే పుస్తకం ప్రకారం నేనింకా లావే. అక్కడిదాకా వెళ్తానో లేదో తెలీదు. కానీ చెన్నైలో 531 మంది మీద మూడేళ్ళు చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, తిండీ నడకా సరిచేసుకున్నవాళ్ళకి బరువు పెద్దగా తగ్గకపోయినా షుగరు వచ్చే ముప్పు నాలుగోవంతుకి పైగా తగ్గింది. నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 5.7. నాన్నకి షుగరు వచ్చిన వయసు దాటేశాను.

81 దాటితే మాత్రం డిస్కు ఎనభై శాతం నిండినప్పుడు అలారం కొట్టినట్టే. ఆ వారం రాత్రి అన్నం ఉండదు, నడక పెరుగుతుంది, సర్వర్ పడిపోయేదాకా ఆగను. మోటివేషన్ సంగతంటారా, అది వస్తుంది, పోతుంది. అది లేని రోజు కూడా అంకె రాయడమే నేను నేర్చుకున్నది. పోయిన సంక్రాంతికి ఊర్నుంచి వచ్చి తూగితే 82.3. గుండె గుభేల్మంది. రాశాను.

తోడు కూడా దొరికింది లెండి. ఆదివారం పొద్దున ఏడింటికి మా నాన్న ఫోను చేస్తారు. కుశలప్రశ్నలుండవు.

"ఎంతరా?"

"79.6."

"పోయిన వారం?"

"79.9."

"సరే, పెట్టెయ్."